తుని మాగాయ నుంచి ఓఆర్ఎస్ ప్యాకెట్ దాకా: ఉప్పు వెనకాల నడిచే నీళ్ల కథ

తుని అనగానే మామిడికాయలు గుర్తొస్తాయి కదా, ఇవాళ్టి కథ అక్కడే మొదలుపెడదాం.

మాగాయ పెట్టేటప్పుడు చెక్కు తీసిన ముక్కలకి ఉప్పు, పసుపు పట్టించి జాడీలో వేస్తారు. చుక్క నీళ్లు పొయ్యరు. మూడో రోజు మూత తీస్తే ఊటే ఊట! ఆ నీళ్లు ముక్కలోవే. బయట ఉప్పు ఎక్కువైతే, కణం పొర దాటుకుని లోపలి నీళ్లు బయటికొచ్చేస్తాయి. మన సైన్సు పుస్తకంలో దీని పేరు ద్రవాభిసరణం.

1748లో ఫ్రాన్సులో నోలే అనే ఆయన ఒక పాత్రలో సారాయి పోసి, మూతికి పంది మూత్రాశయం పొర కట్టి, నీళ్లలో ముంచాడు. బయటి నీళ్లు లోపలికి దూరి పొర ఉబ్బిపోయింది. 1820లలో ద్యుత్రోషే దీనికి పేరు పెట్టి, మొక్కల్లో, జంతువుల్లో జరిగేది ఇదేనన్నాడు.

కానీ ఒక తేడా ఉంది. వాడిన తమలపాకు మీద నీళ్లు చల్లితే బిగుసుకుంటుంది, పగలదు. మొక్క కణానికి గట్టి గోడ ఉంటుంది కాబట్టి. మన ఎర్ర రక్తకణానికి ఆ గోడ లేదు. ఉత్త నీళ్లలో వేస్తే ఉబ్బి పగిలిపోతుంది. అందుకే సెలైన్‌లో లీటరుకి 9 గ్రాముల ఉప్పు ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. కలరా వస్తే పేగులోకి ఉప్పు పోతుంది, దాని వెనకే నీళ్లూ పోతాయి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు బన్‌గావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోవచ్చాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కలిపి నీళ్లలో తాగించారు. గ్లూకోజు తోడుంటే పేగు ఉప్పుని లోపలికి తీసుకుంటుంది, నీళ్లు దాని వెంటే వస్తాయి. 30 శాతం దగ్గరున్న మరణాలు 4 శాతం లోపుకి దిగాయి!

మరి పంచదార ఎక్కువేస్తే ఇంకా మంచిదా? కాదు, రివర్స్! పేగులో తీపి మరీ ఎక్కువైతే ఒంట్లో నీళ్లనే పేగులోకి లాగేస్తుంది, మాగాయ ముక్కలాగే. విరేచనాలు పెరుగుతాయి. తియ్యటి డ్రింకులకి ‘ఓఆర్ఎస్’ అని పేరు పెట్టి అమ్మడం మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దంది.

కాబట్టి ఇంట్లో చిన్నపిల్లలుంటే, డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉన్న ప్యాకెట్టే తీసుకోండి. దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. ఈ ఎపిసోడ్ మీ ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి. మళ్లీ కలుద్దాం!