ఆరుద్ర చుక్క

ఇలా దగ్గరికొచ్చి కూర్చో అమ్మడూ, మంటలో ఇంకో రెండు చిదుగులు వేస్తాను. అదిగో, తూర్పున వరసగా మూడు చుక్కలున్నాయా? వాటికి ఎడమ పక్కన ఎర్రగా మెరుస్తోందే, అదే ఆరుద్ర.

మా నాన్న ఆరుద్ర కార్తె వానకి అరక కట్టేవాడు. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం ఉండదని అప్పటివాళ్ళ నమ్మకం. తడిసిన చేలో ఎర్ర మఖమల్ ముక్కల్లాంటి పురుగులు పాకేవి. అరచేతిలోకి తీసుకుంటే కాళ్ళు ముడుచుకుని ఉండిపోయేవి. వాటి పేరూ ఆరుద్ర పురుగులే. ఆ పేరుగల చుక్క ఒకనాటికి పేలిపోతుందని మాత్రం మాకెవరూ చెప్పలేదు.

ఎందుకు పేలుతుందంటావా? ఈ ఎసరు చూడు. మంట ఉన్నంతసేపూ ఆవిరి మూతను పైకి తంతుంది, మంట ఆరితే మూత కూలబడుతుంది. చుక్క బరువు దాన్ని లోపలికి నొక్కుతుంటే, నడిమధ్యన పుట్టే వేడి బయటికి తోస్తుంటుంది. మన పొయ్యిలో బూడిద మళ్ళీ మండదు. పెద్ద చుక్కలో అదీ మండుతుంది. హైడ్రోజన్ కాలి హీలియం అవుతుంది, అది కాలి కార్బన్, తర్వాత ఆక్సిజన్, సిలికాన్. హైడ్రోజన్ లక్షల ఏళ్ళు వస్తే, సిలికాన్ ఒక్క రోజుకే సరి. ఆఖరికి మిగిలేది ఇనుము. కమ్మరి కొలిమిలో చూశావుగా, ఇనుము వేడిని తాగుతుందే గాని తాను మంట ఇవ్వదు.

ఇంక తోసేదెవరు? భూమంత ఇనుప గుండె నువ్వు చిటికె వేసేలోపు కూలి ఒక పట్నమంత అయిపోతుంది. అక్కడ ఇక నలగలేక ఎదురు తంతుంది. న్యూట్రినోలనే సూక్ష్మ కణాలు లెక్కలేనన్ని దూసుకొచ్చి పై పొరల్ని నెడతాయి. అంతా ఆకాశంలోకి చిమ్ముతుంది. నువ్వు పీల్చే ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం అలాంటి చుక్కల్లో వండిందే.

భయపడకు, మన సూర్యుడు పేలడు. అందుకు దానికి కనీసం ఎనిమిదింతల బరువుండాలి.

1987 ఫిబ్రవరిలో అలాంటిది ఒకటి నిజంగానే జరిగింది. చిలీలో లాస్ కంపానాస్ కొండ మీద ఇయాన్ షెల్టన్ తాను తీసిన ఫోటో ప్లేటు కడిగితే, అంతకుముందు లేని పెద్ద చుక్క కనపడింది. బయటికొచ్చి తలెత్తితే మామూలు కంటికే కనిపిస్తోంది! దాని న్యూట్రినోలు వెలుగు కన్నా కొన్ని గంటల ముందే వచ్చాయి. జపాన్‌లో గని అడుగునున్న నీటి తొట్టిలో 11 చిక్కాయి. 1,60,000 ఏళ్ళకు పైగా ప్రయాణం చేసి వచ్చినవి, తల్లీ! నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. ఆ చుక్క దక్షిణాన మరీ కిందికి ఉండటంతో మన ఊరికి అందలేదు.

2019 చివర్లో ఆరుద్ర మసకబారితే ఇక పేలుతుందనుకున్నారు చాలామంది. అది ఊదుకున్న దుమ్మే దానికి అడ్డమొచ్చింది. లక్ష ఏళ్ళలోపు పేలవచ్చంటారు. పేలిననాడు పట్టపగలు కూడా కనపడుతుంది.

జూన్‌లో కార్తె వచ్చాక మాత్రం దాన్ని వెతక్కు. అప్పుడు సూర్యుడు ఆ పక్కనే ఉంటాడు, కనపడదు. మళ్ళీ మార్గశిరంలో పొద్దుగూకాక తూర్పున లేస్తుంది, అప్పుడు చూడు.