తీరమున దిగినవారికి అభయము



పెదకూరపాటి నల్లరేగడి నేలలలో పుట్టిపెరిగిన మనకు సముద్రము నిత్యము కంటబడునది కాదు. పత్తి, మిరప పనులు తీరిన పిమ్మట పిల్లాపాపలతో రైలెక్కి, గుంటూరు తెనాలిల మీదుగా బాపట్ల చేరి, అచ్చటికి సుమారు మూడుక్రోసుల దూరమున నున్న సూర్యలంకలో నొక చిన్న విడిదియందు రెండుదినములు గడపుట మనకొక వేడుక. అయిన నింటిపెద్దకు లోలోపల నొక శంక కలుగును. ఊరు క్రొత్త, చేతిలో పిల్లలు, మూటలు, బస యిచ్చువాని మాట నమ్మదగినదా?

ఈ శంక నేటిది కాదు. దీనికి సమాధానము ఆ తీరముననే శిలపై చెక్కబడియున్నది. సూర్యలంకకు నైరృతిదిక్కున, చీరాల దాటిన పిమ్మట, మోటుపల్లి యను గ్రామము కలదు. కాకతీయుల కాలమున నది గొప్ప రేవు. 13వ శతాబ్ది చివర మన తీరమును గూర్చి వ్రాసిన వెనీసు యాత్రికుడు మార్కోపోలో దీనిని, ఇచ్చటి సన్నని వస్త్రములను, రాజ్యమేలిన రాణి న్యాయబుద్ధిని ప్రశంసించెను. ఆ రాణి రుద్రమదేవియే యని చరిత్రకారుల నిర్ణయము.

ఆమె తండ్రి గణపతిదేవుడు క్రీ.శ. 1244లో నచ్చట నభయశాసనము వేయించెను. అంతకుముందు తుపానున పగిలి యొడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారము, రత్నములు, గుఱ్ఱములు మున్నగు సమస్తమును రాజులు బలిమిని గైకొనుచుండిరి. సముద్రము సగము దోచినవానిని నేల పూర్తిగా దోచెడిదన్నమాట! ప్రాణములకు తెగించి వచ్చినవారియెడ దయతలచి గణపతిదేవుడా యాచారమును మాన్పెను. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకవంతు సుంకము దక్క మఱేమియు ముట్టనని మాట యిచ్చెను.

క్రీ.శ. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి యిచ్చటనే మఱియొక శాసనము వేయించెను. వచ్చిన వర్తకులకు నివాసభూము లిత్తుమనియు, పోదలచినప్పు డడ్డగింపమనియు, వారి సరకు వా రిష్టమువచ్చినట్లు అమ్ముకొనవచ్చుననియు దాని సారాంశము. దానిని తెలుగుననే గాక యరవమునను చెక్కించిరి. వచ్చువా డితరుల నడుగక తానే చదువుకొనవలెనుగదా!

గమనింపుడు. ఆ రాజులు రావలసినది ముందుగా చెప్పిరి, అందఱెఱుగునట్లు వ్రాయించిరి, దానిని మీఱమనిరి. అతిథికి కావలసిన యభయ మింతియే.

నేడు మోటుపల్లి చిన్నపల్లె. రాజులు లేరు. అయినను తీరమున బస యిచ్చు ప్రతివాడును కొంతవఱ కా రాజుల స్థానముననే యున్నాడు. అద్దె ముందుగా చెప్పుట యొకటి; కడలి పోటెట్లున్నదో, ఎంతవఱకు దిగవచ్చునో, తుపాను హెచ్చరిక యున్నదో లేదో దాచక చెప్పుట రెండవది. అలను చదువుట తీరవాసికి తెలియును, మెట్టపొలములవారికి తెలియదు. కావున విడిదికి పోయిన పెద్దలు గదికంటె ముందీ రెండును విచారింపవలెను. వీనికి సూటిగా బదులు చెప్పువాని యింట పిల్లలతో నిశ్చింతగా నిద్రింపవచ్చును.