కాలేయ మార్పిడి చరిత్ర: ఆపరేషన్ ఒక్కటే కాదు, ఇచ్చిన అవయవం కథ కూడా

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. మెడిసిన్, నర్సింగ్ చదివేవాళ్లు మాత్రం తప్పకుండా చదవాలి.

లివర్ మార్పిడి అనగానే అందరూ డాక్టర్ చేతి నైపుణ్యం గురించే మాట్లాడతారు. కానీ సగం చరిత్ర ఇంకోచోట ఉంది. ఇచ్చిన కాలేయం ఎలాంటిది? ఒక ఒంట్లోంచి తీసి ఇంకో ఒంట్లో పెట్టేదాకా దాన్ని ఎలా కాపాడారు?

1963 మార్చి 1న అమెరికాలోని డెన్వర్‌లో థామస్ స్టార్జల్ మొదటిసారి మనిషికి కాలేయం మార్చారు. రోగి మూడేళ్ల పిల్లవాడు. రక్తస్రావం ఆగక బల్ల మీదే చనిపోయాడు. తర్వాత డెన్వర్, బోస్టన్, పారిస్‌లలో చేయించుకున్నవాళ్లు ఒక్కరూ నెల రోజులు బతకలేదు. దాంతో కొన్నేళ్లు ఈ ఆపరేషనే ఆపేశారు. 1967లో ఒక చిన్నపాప ఏడాదికి పైగా బతికాక మళ్లీ ఆశ పుట్టింది.

అప్పట్లో గుండె ఆగితేనే మరణం. గుండె ఆగిన వెచ్చటి ఒంట్లో రక్తం అందక కాలేయం నిమిషాల్లోనే దెబ్బతినడం మొదలవుతుంది. 1968లో హార్వర్డ్ కమిటీ బ్రెయిన్ డెత్‌కు నిర్వచనం ఇచ్చింది. ఆ తర్వాతే గుండె కొట్టుకుంటూ ఉండగా, రక్తం అందుతూ ఉన్న కాలేయాన్ని తీసుకునే దారి ఏర్పడింది. తర్వాత సైక్లోస్పోరిన్ మందు వచ్చి, ఒళ్లు కొత్త అవయవాన్ని తిప్పికొట్టడాన్ని బాగా తగ్గించింది. 1983లో అమెరికాలో నిపుణుల సభ ఇది ప్రయోగం కాదు, చికిత్సే అని తేల్చింది.

అయినా ఒక భయం పోలేదు. ఆపరేషన్ బాగానే జరుగుతుంది, కానీ కొత్త కాలేయం పని మొదలుపెట్టదు. వెంటనే ఇంకో కాలేయం దొరక్కపోతే రోగి కొద్ది రోజుల్లోనే చనిపోతాడు. ఎందుకిలా? ఐసులో పెడితే కణాల ఆకలి తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. గంటలు గడిచేకొద్దీ శక్తి అయిపోతుంది. మళ్లీ రక్తం వదిలినప్పుడు ఆ ప్రాణవాయువే ఒక్కసారిగా దెబ్బ కొడుతుంది. కొవ్వు పట్టిన కాలేయం, వయసు మళ్లిన దాత కాలేయం ఈ దెబ్బను తట్టుకోవడం ఇంకా కష్టం.

1980ల చివర్లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో బెల్జర్, సదర్డ్ కొత్త ద్రావణం తయారుచేశారు. అంతకుముందు ఆరు నుంచి ఎనిమిది గంటలే నిలిచే కాలేయం దీనితో అంతకు రెట్టింపు సేపు నిలిచింది. దూరపు ఊరి నుంచి తేవడం సాధ్యమైంది.

2006లో అమెరికాలో దాత వివరాలతో ప్రమాదాన్ని కొలిచే సూచిక తయారైంది. అందులో వయసు, దాత మరణానికి కారణం, ఎత్తు, చల్లగా ఉంచిన సమయం లాంటివి ఉన్నాయి. నల్లజాతి అన్న అంశం కూడా ఉంది! ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. లెక్కలో తేడా కనపడి ఉండొచ్చు. కానీ జాతి పేరు రాసినంత మాత్రాన కారణం చెప్పినట్టు కాదు. ఆ పేరు వెనక పేదరికం ఉందా, వైద్యం అందకపోవడం ఉందా అన్నది ఆ అంకె చెప్పదు. రేపు మన ఒంటి గురించి కూడా ఎవరైనా ఇలాగే అంకె రాస్తే, అడగగలిగేవాళ్లు మనలో ఉండాలి.

2010లో తొలి వారంలో కాలేయం సరిగ్గా పనిచేయట్లేదని గుర్తించే కొలతలు వచ్చాయి. ఏడో రోజు బిలిరుబిన్ 10 లేదా ఎక్కువ, రక్తం గడ్డకట్టే ఐఎన్ఆర్ 1.6 లేదా ఎక్కువ, వారంలోపు కాలేయ ఎంజైములు 2000 దాటడం. వీటిలో ఒక్కటి ఉన్నా జాగ్రత్తపడాలి. 2018లో యూరప్‌లో 220 మార్పిడులతో చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఐసుకు బదులు ఒంటి వేడిలో, రక్తం ప్రవహించే యంత్రంలో ఉంచితే కాలేయానికి దెబ్బ, పారేయాల్సి వచ్చే కాలేయాలు రెండూ దాదాపు సగానికి తగ్గాయి.

మన దేశంలో 1994లో అవయవ మార్పిడి చట్టం వచ్చింది. అయినా ఇక్కడ ఎక్కువ మార్పిడులు బతికున్న బంధువులు ఇచ్చిన కాలేయ భాగంతోనే జరుగుతాయి. ఆ ముక్క రోగి బరువులో సుమారు 0.8 శాతమైనా ఉండాలంటారు. అంటే 60 కిలోల మనిషికి దాదాపు 480 గ్రాములు. అది పనిచేయకపోతే రెండోసారి ఎవరిస్తారు? ఖర్చు ఎవరు పెడతారు? భూమి అమ్మి వచ్చిన కుటుంబానికి రెండో అవకాశం ఉండదు.

కాబట్టి సంతకం పెట్టేముందు అడగండి. ఇచ్చేవాళ్ల కాలేయంలో కొవ్వు ఎంత? ముక్క బరువు ఎంత? ఇది పనిచేయకపోతే మీ ఏర్పాటేంటి? అడగడం తప్పు కాదు, హక్కు. మరణించిన దాతల అవయవాల కోసం జీవన్‌దాన్‌లో పేరు నమోదు గురించి కూడా కనుక్కోండి. ఇంకోమాట, పుట్టిన బిడ్డకు 24 గంటల్లోపు హెపటైటిస్ బి టీకా వేయించండి. లివర్ మార్చాల్సిన అవసరమే రాకుండా చూసుకోవడానికి మన గూడేల్లో చేతికందే దారి అది.

చదివినవాళ్లు మీ ఊరి ఆశా అక్కకు కూడా చెప్పండి. జోహార్.