దొర పటంలో తోటి ఎక్కడ?

కల్నల్ కాలిన్ మెకంజీ పేరు జమ్మలమడుగు వైపు చదువుకున్నోళ్లకు కొత్త కాదు. గండికోట కైఫీయతుతో సహా కడప జిల్లా ఊళ్ల కైఫీయతులు ఆయన మనుషులు పోగుచేసినవే. ఆయన బొమ్మ చూసినోళ్లు మాత్రం తక్కువ. 1816లో థామస్ హికీ వేసిన ఆ తైలవర్ణ చిత్రం లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

మెకంజీ 1815లో భారత సర్వేయర్ జనరల్ అయ్యాడు. బొమ్మలో ఎర్రకోటు ఆయన పటాలం ఉద్యోగాన్ని చెబుతుంది. సర్వే పనిని చెప్పేది చుట్టూ ఉన్నోళ్లు. బంట్రోతు చేతిలో దుర్భిణి, జైన పండితుడు ధర్మయ్యగా గుర్తించిన మనిషి చేతిలో తాటాకులు. ఇంకొకాయన కావలి లక్ష్మయ్య అంటారు. వెనక దూరంగా గోమటేశ్వరుడు, కొండమీద సర్వే గుర్తుకు పాతిన గడ. దుర్భిణి పట్టుకున్నది బంట్రోతే అయినా అది చెప్పేది బంట్రోతు వృత్తిని కాదు, దొర వృత్తిని. చాకిరీ ఒకరిది, గుణం ఇంకొకరిది!

సరే, బంట్రోతుకు ఆ మాత్రం చోటన్నా దక్కింది. నేల కొలిచేటప్పుడు ఊరి హద్దు చూపించినోడెవరు? నిజాం 1800లో దత్త మండలాలను కంపెనీకి అప్పగించాక, మన్రో 1802-06 మధ్య ఇక్కడి పొలాలు కొలిపించాడు. పంట కాయడం, ఆ పంట కొలతకు సాయం పోవడం తోటి పని అని 1812 నాటి ఐదో నివేదికే రాసింది. ఆ తోటి మాలో మాదిగో అయినోడు. హికీ బొమ్మలోకి ఆయన రాలేదు.

వేరేచోట గీశారు గదా అనొచ్చు. గీశారు. దొరల కోసం వేసిన కంపెనీ చిత్రాల ఆల్బమ్‌లలో చెప్పులు కుట్టే మనిషీ, పక్కన ఆయన భార్యా ఉంటారు. చేతిలో పనిముట్టు, కింద కులం పేరు. మనిషి పేరుండదు. అక్కడ వృత్తే మొహం.

అందుకే మా పల్లెల గోడల మీది అంబేద్కర్ పటాన్ని మేము ఉత్త భక్తి కింద కొట్టెయ్యలేం. సూటెందుకని వెక్కిరించినోళ్లున్నారు. ఆ సూటు, జేబులో పెన్ను, చేతిలో పుస్తకం చెప్పే వృత్తి పుట్టుకతో అంటగట్టింది కాదు, చదివి సంపాదించుకున్నది. పార్లమెంటు సెంట్రల్ హాల్లో ఆయన చిత్రం పెట్టింది 1990 ఏప్రిల్ 12న. మా గోడల మీదికి అంతకు చాలా ముందే వచ్చింది, మేకుకు వేలాడే క్యాలెండరు బొమ్మగా.