మూడో సీసా

బందరు రోడ్డు మీద ఆటోనగర్ గేటు దాటి లోపలికి మళ్లగానే హారన్ల మోత వెనకబడి సుత్తి దెబ్బలు మొదలవుతాయి. విజయవాడ ఆటోనగర్ అంటే లారీ బాడీలు, కమాన్ కట్టలు, లేత్ షాపులు. కార్ల షెడ్లు లోపలి వీధుల్లో ఉంటాయి. వెల్డింగ్ వెలుగు కళ్లలో పడకుండా ఎడమ పక్కగా నడవండి. ఆ రేకుల షెడ్డు కింద బానెట్ ఎత్తి ఉన్న కారు, 2013 మోడల్ డీజిల్ సెడాన్. ఇంజన్ ఆన్‌లోనే ఉంది. మడ్‌గార్డు మీద చెయ్యి పెడితే వణుకు తెలుస్తుంది. ఒకే తీరుగా వణకడం లేదు, మధ్యలో ఒక తాళం తప్పుతోంది.

ఓనరు పటమటలో లెక్కల మాస్టారు. "పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఓ పట్టాన అందుకోవడం లేదు మేస్త్రి గారూ. ఫ్లైఓవర్ ఎక్కితే పికప్ లేదు, వెనకాలంతా నల్లపొగ. బైకుల వాళ్లు తిట్టుకుంటూ పోతున్నారు."

"బండి ఎక్కడెక్కడ తిరుగుతుంది మాస్టారూ?"

"ఇల్లు, బడి, రైతుబజారు. అంతే."

మేస్త్రి తలూపి స్కానర్ తగిలించాడు. తెర మీద రెండు అంకెలు చూపించాడు. పొగను తిరిగి ఇంజన్‌లోకి మళ్లించే ఈజీఆర్ వాల్వును మూసుకోమని కంప్యూటర్ చెబుతోంది, అది ముప్పాతిక వంతు మూసుకుని ఆగిపోతోంది. ఇంకెవరైనా అయితే ఈపాటికి స్పానర్లు అందుకునేవారు. ఈయన కుర్రాడి వైపు తిరిగి, "ఒరే, సీసాలు పట్రా" అన్నాడు.

ఒక రేకుకు వరసగా బిగించిన నాలుగు సన్నటి గాజు సీసాలవి. ఇంజెక్టర్‌కు వెళ్లిన డీజిల్ అంతా సిలిండర్లోకి పోదు, కొంత రిటర్న్ పైపులో వెనక్కి వస్తుంది. ఇంజన్ ఆపి నాలుగింటి రిటర్న్ పైపులూ ఊడదీసి, ఒక్కోదాన్ని ఒక్కో సీసాలోకి పెట్టి మళ్లీ స్టార్ట్ చేశారు. మీరు వంగి చూడండి గానీ ఆ ఇనప పైపుల జోలికి మాత్రం వెళ్లకండి. కారు టైరులో ఉండేది రెండు బార్ల పైచిలుకు గాలి. ఆ పైపుల్లో ఐడిలింగ్‌లోనే రెండు మూడు వందల బార్ల ఒత్తిడి ఉంటుంది, యాక్సిలరేటర్ తొక్కితే వెయ్యి దాటుతుంది. నట్టు వదులై సన్నటి ధార తగిలితే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగిపోతుంది. పైకి సూది గుచ్చినట్టే కనిపించినా వేళ్లు తీసేయాల్సి వచ్చిన సందర్భాలున్నాయి.

సీసాల్లో డీజిల్ చుక్కలు చుక్కలుగా లేస్తోంది. ఒకటి, రెండు, నాలుగు సమానంగా ఉన్నాయి. మూడోది వాటికి రెట్టింపు ఎత్తుకు పోయింది. ఒత్తిడి అంతా అక్కడ కారిపోతుంటే పొద్దున్నే ఇంజన్ అందుకోకపోవడంలో వింతేముంది?

"నాలుగూ విప్పి కడిగించేద్దామా?" మాస్టారి అనుమానం.

"ఆ మూడూ శుభ్రంగా పని చేస్తున్నాయి కదండీ, వాటినెందుకు కదపడం? విప్పిన చోటల్లా కొత్త రాగి వాషర్ వెయ్యాలి. కింద సీటు మీద నలుసు మిగిలితే కంప్రెషన్ అక్కణ్నుంచి పైకి తన్నుతుంది. లేని జబ్బు మనమే తెచ్చినట్టవుద్ది."

ఇంజన్ వెచ్చగా ఉండగానే మూడో ఇంజెక్టర్ బయటికి లాగారు. ఆ రంధ్రంలో గుడ్డ కుక్కి, ఇన్‌టేక్ వైపుకు మళ్లారు. బ్యాటరీ టెర్మినల్ తీశారు, గొట్టం క్లిప్పులు విప్పారు, ఈజీఆర్ బోల్టులు ఊడదీశారు. కుర్రాడు గొట్టం వంచి టార్చి వేశాడు.

చూడండి. లోపల బొటనవేలు దూరే సందే మిగిలింది. చుట్టూ నల్లటి ముద్ద. వేలితో తీస్తే వేలికే అంటుకుని సాగుతుంది. ఆముదంలో మసి కలిపి చేసిన కాటుకలా ఉంది. ఒక రకంగా అది కాటుకే, దినుసులు కూడా అవే, మసీ నూనే.

మసి ఈజీఆర్ నుంచి వస్తుంది. సిలిండర్‌లో మంట మరీ వేడెక్కితే గాలిలోని నైట్రోజన్ ఆక్సిజన్‌తో కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. ఊపిరితిత్తులకు అవి చేటు. అందుకని సైలెన్సర్ దారిన పోవాల్సిన పొగలో కొంత మళ్లించి తిరిగి ఇంజన్‌కే పీల్పిస్తారు. ఆ పొగలో ఆక్సిజన్ తక్కువ, కాబట్టి మంట వేడి తగ్గుతుంది. నూనె వచ్చేది కింద క్రాంక్ కేసు నుంచి. పిస్టన్ రింగుల సందుల్లోంచి జారిన వాయువు ఇంజన్ ఆయిల్ ఆవిరిని వెంటేసుకుని బ్రీదర్ పైపు గుండా ఇదే ఇన్‌టేక్‌లోకి చేరుతుంది. రెండూ గొట్టంలో కలుసుకుని గోడలకు పట్టేస్తాయి. హైవే మీద గంటసేపు లాగించే బండిలో ఈ పేరుకోవడం నెమ్మది. ఇంజన్ వేడెక్కేలోపే ఆగిపోయే బండిలో త్వరగా మందమెక్కుతుంది. మాస్టారు బండిని జాగ్రత్తగానే నడిపారు. ఆ జాగ్రత్తే దీనికి సరిపడలేదు.

"పెట్రోలు బంకులో ఒక సీసా అమ్ముతున్నారు మేస్త్రి గారూ, ట్యాంకులో పోస్తే కార్బన్ అంతా కరుగుతుందట."

నాకైతే ఈ సీసాల వ్యాపారం మీద మొదటి నుంచీ గుర్రు. డీజిల్‌లో పోసిన మందు డీజిల్ వెళ్లే దారిలోనే వెళ్తుంది. ట్యాంకు, ఫిల్టర్, పంపు, ఇంజెక్టర్, అక్కణ్నుంచి నేరుగా సిలిండర్. ఈ ముద్ద ఉన్నది గాలి దారిలో, అక్కడికి ఆ మందు చుక్క కూడా చేరదు. మామూలు పెట్రోలు కార్లలో ఇంజెక్టర్ ఇన్‌టేక్ వాల్వు వెనకే చిమ్ముతుంది కాబట్టి అక్కడ పెట్రోలే వాల్వును కడుగుతూ ఉంటుంది, మందు పోస్తే కాస్త పని చేస్తుంది. ఈమధ్య వచ్చే డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోలు ఇంజన్లలో ఆ సుఖం లేదు. వాటి వాల్వుల మీద గట్టిపడిన మసిని అక్రోటు పెంకుల పొడి గాలితో కొట్టి రాలగొడతారు. కార్బన్‌ను చెక్కేంత గట్టిది, వాల్వు లోహాన్ని గీరలేనంత మెత్తనిది ఆ పెంకు. ఇక్కడ మాత్రం క్లీనర్ స్ప్రే, చెక్క పుల్ల, నైలాన్ బ్రష్, ఓపిక.

తడి ముద్ద కాబట్టి ముందు నాననివ్వాలి. ఈజీఆర్ వాల్వు మోటారు భాగం తడవకుండా పట్టుకుని కింది భాగం ట్రేలో ముంచారు. పక్క వీధిలో కొందరు కాస్టిక్ సోడా నీళ్లలో వేసేస్తారు. ఇనుముకైతే సరే గానీ అల్యూమినియం అందులో బుసబుసా పొంగి కరిగిపోతుంది, పైగా వచ్చేది హైడ్రోజన్ వాయువు. మేస్త్రి షెడ్డులో ఆ డబ్బానే ఉండదు.

అది నానేలోపు, మూడో ఇంజెక్టర్ పట్టుకెళ్లే కుర్రాడి వెంట డీజిల్ పంపు షాపుకు పోదాం. మూడు సందుల అవతల, ఏసీ గది. ఆటోనగర్‌లో చెప్పులు విప్పి వెళ్లాల్సిన చోటు ఇదొక్కటే కాబోలు, దుమ్ము పడకూడదు మరి. ఇంజెక్టర్ కొసన నల్లటి పెళుసు పెచ్చు కట్టింది. దాని వెనక ఆరు రంధ్రాలున్నాయట, ఒక్కోటీ మిల్లీమీటరులో ఏడెనిమిదో వంతు. కంటికి ఆనవు. షాపతను భూతద్దం అందించాడు. రెండు రంధ్రాలు సగం మూసుకున్నాయి.

అల్ట్రాసోనిక్ తొట్టిలో పెట్టాడు. సెకనుకు 40 వేల కంపనాలు. ద్రావకంలో కంటికి కనిపించని బుడగలు పుట్టి పేలుతూ మసిని గిల్లుతాయి. తొట్టి సరిగ్గా పని చేస్తోందో లేదో చూడ్డానికి ముందు అల్యూమినియం రేకు ముక్క ముంచి తీశాడు. వెలుతురుకు అడ్డం పెడితే దాని నిండా సూది బెజ్జాలు.

తర్వాత బెంచ్ మీదికెక్కించాడు. ఆరు ధారలూ ఒకే పొడవున, పొగమంచులా చిమ్మాయి. కుర్రాడి మొహం విప్పారింది. షాపతను మాత్రం పక్కనున్న రిటర్న్ కొలత సీసా చూపించాడు. అది ఇంకా ఎక్కువే. "కొస శుభ్రమైంది తమ్ముడూ, లోపలి బాల్ వాల్వు సీటు అరిగిపోయింది. కడిగితే మురికి పోద్ది గానీ అరుగుదల పూడుతుందా?" మాస్టారికి ఫోన్ చేసి ఖర్చు చెప్పి, ఒప్పుకున్నాకే వాల్వ్ సెట్ మార్చాడు. కొలత దారిలో పడింది. ఇంజెక్టర్ క్లీనింగ్ అని డబ్బు తీసుకుని కొలత కాగితం ఇవ్వని చోట ఇదే ఇంజెక్టర్ తళతళా మెరుస్తూ కారుకుంటూ తిరిగొచ్చేది.

షెడ్డులో అసలు పని ఇప్పుడుంది. సిలిండర్ హెడ్ పోర్టులు. పోర్టు చివర ఇన్‌టేక్ వాల్వు మూసి ఉంటేనే అక్కడ పుల్ల పెట్టాలి, తెరిచి ఉంటే గీరిన పెచ్చు నేరుగా పిస్టన్ మీద పడుతుంది. మేస్త్రి క్రాంక్ పుల్లీ బోల్టుకు స్పానర్ వేసి ఇంజన్‌ను చేత్తో తిప్పుతాడు, కుర్రాడు టార్చి వేసి చూసి "మూసుకుంది గురూ" అంటాడు. మిగతా పోర్టుల్లో గుడ్డలు. పుల్లతో గీరడం, గుడ్డతో తుడవడం, మళ్లీ స్ప్రే, మళ్లీ గీరడం. కంప్రెసర్ గాలి కొట్టరు, పెచ్చులు పక్క పోర్టులోకి ఎగురుతాయని. లోపలికి పెట్టిన ప్రతి గుడ్డా లెక్కపెట్టి బయటికి తీస్తారు. బూస్ట్ ప్రెషర్ సెన్సార్‌కు మాత్రం బ్రష్ తగలనివ్వలేదు, స్ప్రేతో తడిపి ఆరబెట్టారు. మధ్యాహ్నం రెండు దాటింది. మూడు టీలు, గంపెడు నల్ల గుడ్డలు అయ్యాయి.

బిగించడం తొందరగానే అయిపోయింది. కొత్త గ్యాస్కెట్లు, కొత్త రాగి వాషర్, టార్క్ రెంచ్.

"ఈజీఆర్‌కు రేకు ముక్క వేసి మూసేస్తే ఈ బాధే ఉండదంటగా, మా బావమరిది బండికి వేయించాడు."

"వెయ్యొచ్చు మాస్టారూ. పొగ కూడా తగ్గుద్ది, పొల్యూషన్ చెక్‌లో పాసవుద్ది. డీజిల్ బండికి వాళ్లు కొలిచేది పొగ నలుపే కదా. కనపడని గ్యాసు మాత్రం పెరుగుద్ది, మీ బడి పిల్లలే పీలుస్తారు. నేనైతే వెయ్యను."

మాస్టారు ఇంకేం అడగలేదు.

రెండో సెల్ఫ్‌కు ఇంజన్ అందుకుంది. సైలెన్సర్ లోంచి ఒక్కసారిగా నల్లటి మబ్బు లేచి, వెల్డింగ్ కుర్రాళ్లు కేకలేశారు. లోపల మిగిలిన పెచ్చులు కాలిపోతున్నాయి. రెండు నిమిషాల్లో పొగ పలచబడింది, తాళం కుదిరింది.

వెనక సీట్లో కూర్చోండి. మేస్త్రి ముందు సీట్లో స్కానర్ ఒళ్లో పెట్టుకున్నాడు. బందరు రోడ్డెక్కి కానూరు దాటాక రోడ్డు ఖాళీ దొరికింది. థర్డ్ గేరు, యాక్సిలరేటర్ సగం. తెర మీద ఈజీఆర్ చెప్పినప్పుడు తెరుచుకుంటోంది, చెప్పినప్పుడు పూర్తిగా మూసుకుంటోంది. బండి ఊపందుకుంది. మాస్టారు అలవాటుగా ఫోర్త్‌కు మార్చబోయారు.

"ఉండండి, మార్చకండి. ఉయ్యూరు దాకా ఇదే గేర్లో పోనీండి. ఇంకా బాగా వేడెక్కాలి."