పల్లీలు, జీడిపప్పు లేని పుట్టినరోజు కేకు

పల్లీలు (వేరుశనగ), జీడిపప్పు, బాదం, పిస్తా, అక్రోటు వంటివి పడని పిల్లల కొరకు ఇంటిలో తయారు చేసే సాధారణమైన కేకు ఇది. ఇందులో కోడిగుడ్డు కూడా ఉండదు. తీవ్రమైన అలర్జీ ఉన్న పిల్లలకు ఇవి అతి కొద్ది పరిమాణములో అందినా ప్రాణాపాయము కలుగవచ్చును. కావున కేకులో వీటిని వేయకపోవుట మాత్రమే చాలదు. నూనె, పిండి, పాత్రల ద్వారా కూడా చేరకుండా చూడవలెను.

వృక్షశాస్త్రము ప్రకారము పల్లీ చిక్కుడు కుటుంబానికి చెందినది. జీడిపప్పు, బాదం చెట్లకు కాసేవి. అయినను కొందరికి ఈ రెండు రకములూ పడవు.

ఉత్తర తెలంగాణ వంటిళ్ళలో

పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల వంటలలో పల్లీల వాడకము ఎక్కువ. సర్వపిండిలో పల్లీలు, నువ్వులు వేస్తారు. సద్దుల బతుకమ్మనాడు పల్లిపొడి చేస్తారు. సకినాలను పల్లినూనెలో వేయించే ఇళ్ళు కలవు. అందుచేత మిక్సీ జారు, మూకుడు, జల్లెడ వంటి వాటికి పల్లీల పొడి లేదా జిడ్డు అంటి ఉండవచ్చును.

కావలసిన పదార్థాలు

* మైదాపిండి - ఒకటిన్నర కప్పు
* గట్టి పెరుగు - 1 కప్పు
* సన్న చక్కెర - ముప్పావు కప్పు
* పొద్దుతిరుగుడు నూనె - అర కప్పు
* బేకింగ్ పౌడర్ - ఒకటింబావు చెంచా
* వంటసోడా - అర చెంచా
* వెనిలా ఎసెన్సు - 1 చెంచా

తయారుచేయు విధానము

# పాత్రలన్నిటినీ సబ్బుతో కడిగి ఆరబెట్టవలెను. చక్కెరను పల్లిపొడి పట్టిన జారులో పొడి చేయరాదు; పెరుగులో వేసి గిలకొట్టిన కరుగును.
# అందులో బేకింగ్ పౌడర్, వంటసోడా కలిపి, బుడగలు వచ్చువరకు 5 నిమిషాలు ఉంచవలెను.
# నూనె, ఎసెన్సు కలిపి, జల్లించిన మైదాను కొద్దికొద్దిగా ఉండలు లేకుండా కలుపవలెను.
# నూనె రాసిన 7 అంగుళాల గిన్నెలో పోయవలెను.
# కుక్కరు అడుగున ఉప్పు పరచి, దానిపై స్టాండు ఉంచి, రబ్బరు, విజిలు తీసివేసి 10 నిమిషాలు వేడి చేయవలెను. గిన్నెను స్టాండుపై పెట్టి, మూత వేసి, సన్నని మంటపై సుమారు 45 నిమిషాలు ఉంచవలెను. పుల్ల గుచ్చినపుడు పిండి అంటకున్న కేకు ఉడికినట్లే.

జాగ్రత్తలు

విడిగా అమ్మే పిండి, టూటీఫ్రూటీలకు బదులు ప్యాకెట్లు కొని లేబులు చదువవలెను. 2020 నాటి భారత ఆహార లేబులింగ్ నియమాల ప్రకారము పదార్థాలలో వేరుశనగ, జీడిపప్పు వంటివి ఉన్నచో ప్యాకెట్టుపై తెలుపవలెను. గోధుమ, పాలు పడని పిల్లలకు ఈ కేకు తగదు.

పుట్టినరోజు విందులో కేకుతో పాటు మిక్చరును ఒకే పళ్ళెములో పెట్టే అలవాటు ఉన్నది. మిక్చరులో సాధారణముగా పల్లీలు ఉంటాయి. వడ్డించిన చేతితో కేకు ముట్టినా అవి అంటును. కావున మిక్చరును మానుట ఉత్తమము.

తిన్న తరువాత దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు కనిపించినా, ఊపిరి అందకపోయినా ఆలస్యము చేయక 108కి ఫోను చేసి ఆసుపత్రికి తరలించవలెను. వైద్యులు ముందే ఎపినెఫ్రిన్ సూది ఇచ్చి ఉన్నచో వారు చెప్పిన విధముగా వెంటనే వేయవలెను.