దుండిగల్–మేడ్చల్ ప్రాంతపు కచేరీలు, న్యాయస్థానాల చరిత్ర

కచేరీ అంటే పాలన సాగే కొలువు. తెలంగాణ పల్లె నోట అదే కచ్చీరు అయింది. హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న దుండిగల్, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతంలో శిస్తు కట్టాలన్నా, తగవు తీర్చుకోవాలన్నా ఒకప్పుడు జనం ఎక్కిన గడప ఒక్కటే. తర్వాతి నూరేళ్లలో అది రెండు గడపలయింది: ఒకటి పాలనది, ఒకటి న్యాయానిది. ఈ చరిత్రను గోడల వయసుతో కొలిస్తే చెప్పుకోవలసింది కొద్దే. గద్దె మీద కూర్చున్నది ఎవరు, అక్కడికి చేరడానికి రైతు ఎంత దూరం నడిచాడు అని అడిగితేనే దాని సారం తెలుస్తుంది. గడపలు రెండు కావడం న్యాయానికి మేలు చేసింది. అయితే ఆ మేలు కోసం అవి ఊరికి దూరం కావలసిన పని లేదు.

ఒకే గడప

నిజాం దివాను సాలార్‌జంగ్ 1865లో జిలాబందీ అమలుచేసి రాజ్యాన్ని జిల్లాలుగా, తాలూకాలుగా ఏర్పరిచాడు. మేడ్చల్, నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫ్-ఎ-ఖాస్ భూముల జిల్లా అత్రాఫ్-ఎ-బల్దాలో ఒక తాలూకా. రాజ్యంలో తహసీల్దారే శిస్తు వసూలు చేసేవాడు, చిన్న దావాలూ ఆయనే విచారించేవాడు. ఊళ్లో మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ ఆయనకు కాళ్లూ చేతులూ. పట్వారీ గుడ్డలో చుట్టుకు తెచ్చే దస్త్రం ముడి విప్పితే పహాణీ బయటపడేది: ఏ సర్వే నంబరుకు ఎవరు పట్టాదారు, ఎవరు సాగులో ఉన్నారు, ఏ పంట వేశారు అన్నదంతా అందులోనే. 1884 నుంచి రాజభాష ఉర్దూ. తాలూకా కచేరీలో తన పేరు మీద వెళ్లిన అర్జీలో ఏముందో ఉర్దూ రాని రైతు ఇంకొకరిని అడిగి తెలుసుకోవలసిందే. ఆ కాలమే నయం, కచ్చీరులో పొద్దుగూకేలోగా తగవు తెగేది అనేవారున్నారు. తగవు తెగడం నిజమే. కానీ వెట్టి చేయించినవాడే తీర్పు చెప్పే చోట, శిస్తు లెక్క తప్పని ఆ లెక్క రాసినవాడి ముందే మొరపెట్టుకోవలసిన చోట, దగ్గరగా దొరికింది పరిష్కారమే కాని న్యాయం కాదు.

రెండు గడపలు

నిజాం రాజ్యంలో 1921లో న్యాయశాఖను పాలనాశాఖ నుంచి వేరుచేశారు. భారత రాజ్యాంగం 50వ అధికరణంలో ఇదే కర్తవ్యాన్ని ప్రభుత్వానికి నిర్దేశించింది. 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన నేర విచారణ స్మృతి, న్యాయ మేజిస్ట్రేట్లను కార్యనిర్వాహక మేజిస్ట్రేట్ల నుంచి విడదీసింది. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయింది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చి కచేరీ పల్లెకు కాస్త దగ్గరైంది. దుండిగల్ అప్పుడు కుత్బుల్లాపూర్ మండలంలో చేరింది. వైమానిక దళ అకాడమీకి 1967లో శంకుస్థాపన జరగడంతో దుండిగల్ పేరు దేశమంతా తెలిసినా, సొంత తహసీలు కోసం అది 2016 అక్టోబరు 11 దాకా ఆగవలసి వచ్చింది. ఆ రోజే మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాతో పాటు దుండిగల్–గండిమైసమ్మ మండలమూ ఏర్పడింది.

దూరం సంగతి

ఇప్పుడు అన్నీ కంప్యూటర్‌లోనే జరుగుతున్నాయి, దగ్గర్లో కచేరీ ఎందుకు అనేవారూ ఉన్నారు. దానికి జవాబు ఈ ప్రాంతంలోనే ఉంది. భూ రికార్డుల కోసం తెచ్చిన ధరణి పోర్టల్‌ను 2020 అక్టోబరు 29న శామీర్‌పేట వైపున్న మూడుచింతలపల్లిలో ప్రారంభించారు. అదే ఏడాది కొత్త చట్టంతో గ్రామ రెవెన్యూ అధికారి పదవి పోయింది, తహసీలు మొదలు పైదాకా రెవెన్యూ కోర్టులూ రద్దయ్యాయి. పాలించేవాడే తీర్పరి కాకూడదన్న సూత్రానికి అది సరిపోయేదే. కానీ తెర మీద పేరు తప్పు పడితే ఆ తప్పును ఎవరికి చూపాలో రైతుకు తోచలేదు. 2025లో ధరణి స్థానంలో వచ్చిన భూభారతి చట్టం ఆర్డీవోకు, కలెక్టరుకు అప్పీలు చేసుకునే వీలు మళ్లీ కల్పించింది. దస్త్రాన్ని యంత్రం దాచగలదు. దానిలోని తప్పు గురించి చెబితే వినడానికి మనిషి కావాలి.

పురపాలన కథ కూడా ఇంతే. పంచాయతీగా ఉన్న దుండిగల్ 2018లో బౌరంపేట, బహదూర్‌పల్లి వంటి ఊళ్లను కలుపుకొని పురపాలక సంఘమైంది. 2025 డిసెంబరులో చుట్టుపక్కల మున్సిపాలిటీలతో పాటు హైదరాబాద్ మహానగర పాలక సంస్థలో కలిసిపోయింది. పెద్ద సంస్థకు నిధులుంటాయి, రోడ్లు, మురుగునీటి పారుదల ఒక పథకం ప్రకారం సాగుతాయి అనే వాదనలో బలముంది. అయితే పథకం పైన తయారైనా, వీధి మొర వినే కార్యాలయం వీధికి చేరువలో ఉండవచ్చు. న్యాయవ్యవస్థ ఈ దారి ముందే చూపింది: 2008 గ్రామ న్యాయాలయాల చట్టం జడ్జిని పల్లె దగ్గరికే పంపాలని తలపెట్టింది, 2022 జూన్ 2న తెలంగాణలోని ప్రతి జిల్లాకూ సొంత న్యాయజిల్లా దక్కింది. జడ్జి కలెక్టరు కింద పనిచేయకుండానే రైతుకు దగ్గరగా ఉండగలడు. కచ్చీరులో పోవలసింది పెత్తనం, అది పోయింది. మిగలవలసింది చేరువ. దుండిగల్‌లో రేపు ఏ భవనం కట్టినా, పొద్దున బయల్దేరిన మనిషి తన మాట చెప్పుకొని పొద్దుగూకేలోగా ఇల్లు చేరగలడా అన్నదే దానికి కొలత.